కొత్తిమీర డబ్బా: ఆరు వారాల వాడకం తర్వాత

ఫ్రిజ్‌లోని కూరగాయల అర అడుగున, పాలిథిన్ కవరుకు అతుక్కుపోయి, సగం పచ్చగా సగం నల్లగా, ముట్టుకుంటే వేలికి జిగురు అంటే స్థితిలో కొత్తిమీర కట్ట దొరకడం నాకు కొత్త కాదు. నాలుగు రెమ్మలు వాడుకుని మిగిలిన కట్టంతా పారేయడం అలవాటుగా మారిపోయిన తర్వాత, తాజా ఆకుల నిల్వ కోసమే ప్రత్యేకంగా తయారైన డబ్బా ఒకటి కొన్నాను. ఆరు వారాలుగా రోజూ వాడుతున్నాను. దాని అట్టపెట్టె మీద ‘మూడు వారాల తాజాదనం’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఆ మాటలో నిజమెంతో, ఆ నిజంలో డబ్బా వంతు ఎంతో, మన చేతి పని వంతు ఎంతో తేల్చుకోవాలన్న పట్టుదలతో దానిని కొంచెం శ్రద్ధగానే గమనించాను.

డబ్బా నిర్మాణం సరళంగా ఉంది. జానెడు ఎత్తున పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పాత్ర. దానిలో మూడు గదులుగా విడదీసిన బుట్ట. అడుగున కాడల చివరలు మునిగేటంత నీరు నిలవడానికి రెండు వేళ్ల లోతు జాగా. పైన బిగుతుగా కూర్చునే మూత, ఆ మూతలో తెరిచి మూయగలిగిన చిన్న గాలి రంధ్రం. ఆకులను కదపకుండానే నీరు మార్చుకోవడానికి పక్కన ఒక ముక్కు, దానికి రబ్బరు బిరడా ఉన్నాయి. మూత తీసి బుట్ట పిడిని పైకి లాగితే ఆకులన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. కావలసిన రెమ్మను తుంచుకుని బుట్టను మళ్లీ కిందికి దించడానికి పది సెకన్లు కూడా పట్టదు, మిగిలిన రెమ్మలు నలగవు.

ఇటువంటి డబ్బా ఏ పని చేయాలో తెలిస్తే తప్ప అది ఆ పని చేస్తోందో లేదో చెప్పలేం. కోసిన తర్వాత కూడా ఆకు బతికే ఉంటుంది. తనలో దాచుకున్న చక్కెరలను ఖర్చు చేస్తూ, ఆక్సిజన్‌ను తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ కొంత వేడినీ విడిచిపెడుతూ శ్వాసిస్తూనే ఉంటుంది. వేరు నుంచి వచ్చే సరఫరా మాత్రం ఆగిపోయి ఉంటుంది. చల్లదనం ఈ ఖర్చును తగ్గిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే శ్వాసవేగం దాదాపు సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. రెండో నష్టం నీటిది. ఆకు మీది సూక్ష్మ రంధ్రాల గుండా తేమ ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఫ్రిజ్ లోపలి గాలిలో ఉండే తేమేమో చల్లటి గొట్టాల మీద పేరుకుపోతుంది కనుక ఆ గాలి మనం ఊహించేకన్నా పొడిగా ఉంటుంది, ఏ కప్పూ లేకుండా పెట్టిన కట్ట అందులో ఒక్క రాత్రికే తల వాలుస్తుంది. మూడోది కుళ్లు. ఆకు మీద నీటి పొర నిలిచిన చోట బ్యాక్టీరియా, బూజు కాపురం పెడతాయి. చిక్కంతా ఈ రెండో నష్టానికీ మూడో నష్టానికీ మధ్యనే ఉంది: ఆకు చుట్టూ ఉన్న గాలి తేమగా ఉండాలి, ఆకు మీద మాత్రం తడి ఉండకూడదు. నిల్వకు చెప్పే ఏ చిట్కానైనా, అమ్మే ఏ వస్తువునైనా ఈ సన్నని గట్టు మీద ఎంత దూరం నడవగలదన్న దానితోనే కొలవాలని నా అభిప్రాయం.

మొదటి వారంలోనే పెద్ద కొత్తిమీర కట్ట ఒకటి తీసుకుని నాలుగు పాళ్లు చేశాను. మొదటి పాలును తెచ్చిన కవరులోనే ముడివేసి కూరగాయల అరలో పడేశాను. దానికి ఏ సేవా చేయలేదు. మిగిలిన మూడు పాళ్లలో పండాకులనూ నలిగిన రెమ్మలనూ ఏరివేసి, తడి లేకుండా ఆరనిచ్చాను. వాటిలో ఒకటి కొత్త డబ్బాలోకి వెళ్లింది. ఇంకొకదానిని మామూలు గాజు గ్లాసులో రెండు వేళ్ల నీరు పోసి పూలగుత్తిలా నిలబెట్టి, పల్చని కవరును పైన గొడుగులా వదులుగా కప్పి ఫ్రిజ్ అరలో ఉంచాను. చివరి పాలుకు వేళ్లు కోసేసి, పొడి టిష్యూ కాగితం మీద పరిచి, పైన మరో కాగితం కప్పి, వెడల్పాటి మూత డబ్బాలో పడుకోబెట్టాను. డబ్బాలోనూ గ్లాసులోనూ రెండు రోజులకు ఒకసారి నీరు మార్చాను; కాగితం చెమ్మగిల్లినప్పుడల్లా కొత్తది వేశాను.

ముడివేసిన కవరు అయిదో రోజుకే ఓడిపోయింది. లోపల పట్టిన ఆవిరి కవరు గోడల మీద బొట్లుగా దిగి, కట్ట మధ్యలోని ఆకులను ఉడికించినట్లు చేసింది. గ్లాసులోని కొత్తిమీర పదమూడో రోజు వరకు నిటారుగా నిలబడి, ఆ తర్వాత కింది ఆకుల నుంచి పసుపుపచ్చబడడం మొదలుపెట్టింది. కాగితంలోది పదిహేను రోజులు నిలిచింది. రెమ్మలు కొంచెం మెత్తబడ్డాయి గాని, చల్లటి నీటిలో పది నిమిషాలు వేయగానే మళ్లీ బిగుసుకున్నాయి. కొత్త డబ్బాలోది పదహారో రోజు వరకు కంటికి కళగా కనిపించింది. ఇది ఒక ఇంట్లో, ఒక ఫ్రిజ్‌లో చేసిన పరీక్ష మాత్రమే కనుక రోజుల లెక్కను ఎవరూ శిలాశాసనంగా తీసుకోనక్కర లేదు. వరసను మాత్రం నమ్మవచ్చు, ఎందుకంటే తర్వాత రెండు కట్టలతో చూసినప్పుడు కూడా ఈ నాలుగూ ఇదే వరసలో నిలిచాయి. డబ్బా గెలిచింది, నిజమే. కానీ గాజు గ్లాసు మీద దాని ఆధిక్యం మూడు రోజులు, కాగితం మీద ఒక్క రోజు.

‘మూడు వారాలు’ అన్న మాట సంగతి వేరే చెప్పాలి. ఇరవై ఒకటో రోజున డబ్బాలో మిగిలిన రెమ్మలు పచ్చగా, నిలబడే ఉన్నాయి కాబట్టి తయారీదారు అబద్ధమాడారని అనలేను. అయితే ఆకును వేళ్ల మధ్య నలిపి చూస్తే మొదటి వారంలో గదంతా వ్యాపించిన పరిమళం లేదు. గడ్డి వాసన వంటిది మాత్రమే మిగిలింది. కొత్తిమీర రంగు కన్నా వాసనను ముందు పోగొట్టుకుంటుంది, మనం దానిని కొనేది వాసన కోసం. నా లెక్కలో డబ్బా ఇచ్చే నిజమైన గడువు రెండు వారాలు.

రెండో విడత పరీక్ష నా అభిప్రాయాన్ని అసలైన మలుపు తిప్పింది. ఈసారి తెచ్చిన కట్టను ఏరకుండా, ఆరబెట్టకుండా, కట్టిన రబ్బరు బ్యాండుతో సహా నేరుగా డబ్బాలో దింపాను. హడావుడిలో ఉన్నవారు ఎవరైనా చేసేది అదే. ఆరో రోజు మూత తీయగానే ముక్కిన వాసన కొట్టింది. రబ్బరు బిగించిన చోట కాడలు గోధుమ రంగుకు తిరిగి మెత్తగా నలిగి ఉన్నాయి, అక్కడి జిగురు నీటిలోకి దిగి అడుగునంతా తెల్లగా మసకబారింది. అదే రోజు తెచ్చి, శుభ్రంగా ఏరి, ఆరబెట్టి, టిష్యూ కాగితం వేసి పాత కవరులోనే వదులుగా పెట్టిన మరో కట్ట పదకొండో రోజు వరకు పనికివచ్చింది. అంటే చేతి పని చేసిన పాత కవరు, చేతి పని చేయని కొత్త డబ్బాను ఓడించింది. ఈ సంగతి ఆ అట్టపెట్టె మీద ఎక్కడా లేదు. వాడుక సూచనల కాగితంలో కూడా ‘కడిగి పెట్టండి’ అన్న ఒక్క ముక్క తప్ప ఆరబెట్టడం గురించి ఊసు లేదు. ఆ సూచన సగమే చెప్పడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఆ చేతి పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పడం అవసరం. కట్ట తెచ్చిన వెంటనే రబ్బరునో దారాన్నో విప్పేయాలి. పండాకులు, నల్లమచ్చలున్నవి, నలిగినవి ఏరివేయాలి, ఎందుకంటే కుళ్లిన ఒక్క ఆకు తన పక్కవాటికి అంటించకుండా ఊరుకోదు. నీటిలో నిలబెట్టదలచినవాటికి కాడల చివరలను పదునైన కత్తితో అర అంగుళం మేర ఏటవాలుగా కోయాలి. కోసి కొంతసేపు బయట ఉన్న కాడల నాళాలలో గాలి బుడగ చేరి నీటి దారికి అడ్డుపడుతుంది, కొత్త కోత ఆ అడ్డును తొలగిస్తుంది. నీటిలో మునిగే మేరకు ఒక్క ఆకు కూడా ఉంచకూడదు. మునిగిన ఆకు రెండు రోజుల్లో కుళ్లి, దాని నుంచి పుట్టిన బ్యాక్టీరియా మళ్లీ ఆ కాడల నోళ్లనే మూసేస్తుంది. నీటిని తరచుగా మార్చమనడం కూడా ఇందుకే. ఇక కడగడం విషయంలో నా మాట, వాడే ముందు కడగమని. మట్టి ఎక్కువగా ఉండి ముందే కడగక తప్పకపోతే, నీరు విదిలించి, పొడి నూలు గుడ్డ మీద పలుచగా పరిచి, ఆకు అడుగు భాగంలో కూడా తడి లేదని వేలితో తాకి నిర్ధారించుకున్న తర్వాతే లోపల పెట్టాలి. మొత్తం పని ఓపికగా చేస్తే పావుగంట. ఆరే సమయం వేరు.

ఇప్పుడు డబ్బా లోపాలు. అన్నిటికన్నా పెద్దది మూత. అది లోపలి వైపు పూర్తిగా చదునుగా ఉండడం వల్ల ఆవిరి మూత అడుగున బొట్లుగా చేరి, ఫ్రిజ్ తలుపు తీసి వేసినప్పుడల్లా ఆ కుదుపుకు సరిగ్గా ఆకుల నడినెత్తిన రాలుతుంది. గాలి రంధ్రం సగం తెరిచి ఉంచితే బొట్లు తగ్గుతాయి గాని, పూర్తిగా తెరిస్తే పై ఆకుల అంచులు ఎండుతాయి. ఈ సర్దుబాటు కుదుర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. రెండోది ఎత్తు. పొడవైన రెమ్మలు మూతకు తగిలి ఒంగిపోతాయి, తగిలిన ప్రతి ఆకూ నాలుగు రోజుల్లో నల్లబడుతుంది. కాడలను ఇంకా పొట్టిగా కోసుకుంటే సరిపోతుంది కాని, కొత్తిమీర కాడలో ఉన్నంత రుచి ఆకులో లేదని నమ్మే నావంటివారికి అది బాధే. మూడోది బుట్ట అడుగున ఉన్న సన్నని గాడులు. వాటిలో పేరుకునే జిగురు పొర మామూలు పీచుకు అందదు, పాత పళ్లకుంచె ఒకటి దీని కోసమే కేటాయించవలసి వచ్చింది. మూడో వారంలో రబ్బరు బిరడా వదులై అరలోకి నీరు కారింది కూడా. బిరడాను వేడినీటిలో వేసి తీసి మళ్లీ బిగిస్తే కొన్నాళ్లు ఆగింది, తర్వాత మామూలే.

కొత్తిమీరకు కుదిరింది కదా అని అన్ని ఆకులనూ ఇందులోనే నింపడం పొరపాటు. కొత్తిమీరను పోలి ఉండే పార్స్లీ ఆకుకు ఈ డబ్బా కొత్తిమీర కన్నా బాగా పనికివచ్చింది. దాని ఆకు దళసరి కనుక మూడో వారంలో కూడా వాసన నిలిచింది. ఈ రెండూ చలిని కోరుకునే ఆకులు, గడ్డకట్టకుండా 0 డిగ్రీలకు ఎంత దగ్గరగా ఉంచితే అంత మేలు. పుదీనా కూడా నిలుస్తుంది, అయితే దాని ఆకులు ఒకదానికొకటి ఒత్తుకుంటే అంటుకున్న చోటల్లా నల్లబడతాయి కాబట్టి ఒక గదిలో ఆరేడు రెమ్మలకు మించి పెట్టకపోవడం మంచిది. ఉల్లికాడలు వేళ్లతో సహా పెడితే నీళ్లలోనే పెరుగుతాయి, మూతను నెడతాయి.

బేసిల్ దగ్గర నేను ఘోరంగా నష్టపోయాను. తులసితో ఒకే కుటుంబమే కాదు, ఒకే ప్రజాతి కూడా అయిన ఈ మొక్క వెచ్చదనానికి పుట్టినది. సుమారు 12 డిగ్రీలకు దిగువన దాని కణాల పొరలు దెబ్బతింటాయి. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, ఎంత మంచి డబ్బాలో పెట్టినా ఆకు మీద మొదట ముదురు మచ్చలు వస్తాయి, తర్వాత ఆకంతా నల్లగా వేలాడుతుంది. నా రెమ్మలకు ఇదంతా మూడు రోజుల్లో జరిగింది. అట్టపెట్టె మీద ముద్రించిన బొమ్మలో మధ్య గదిలో నవనవలాడుతున్నది బేసిలే కావడం చూస్తే, ఆ బొమ్మ వేయించినవారు డబ్బాను ఎన్నడూ వాడలేదని అనుకోవాలి. బేసిల్‌ను గ్లాసు నీళ్లలో నిలబెట్టి, ఎండ నేరుగా పడని చోట వంటగట్టు మీద బయటే ఉంచాలి. అలా ఉంచిన నా రెండో కట్ట పది రోజులకు కణుపుల దగ్గర తెల్లని వేళ్లు వేసింది. వాటిలో రెండు రెమ్మలు ఇప్పుడు కుండీలో ఉన్నాయి.

రోజ్‌మేరీ, థైమ్ వంటి గట్టి కాడల ఆకులకు నీటిలో నిలబడే అవసరమే లేదు. కొద్దిగా తడిపి గట్టిగా పిండిన టిష్యూ కాగితంలో చుట్టి, వదులుగా కవరులో పెడితే రెండు వారాలు సునాయాసంగా ఉంటాయి. డబ్బాలో వాటికి ఒక గది కేటాయించడం జాగా దండగ. కరివేపాకు కూడా నీళ్ల డబ్బాకు తగినది కాదు. రెమ్మల నుంచి ఆకులు దూసి, నీడన ఆరనిచ్చి, పొడి కాగితం వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టడమే దానికి సరైన పద్ధతి, దానికి తడే అసలు శత్రువు.

డబ్బాను ఫ్రిజ్‌లో ఎక్కడ పెడతామన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. వెనక గోడకు ఆనించి పెట్టిన రోజున ఆ వైపు ఆకులు రాత్రికి రాత్రే గడ్డకట్టి, కరిగాక గాజుకాగితంలా పారదర్శకంగా, మెత్తగా తయారయ్యాయి. తలుపు అరలో పెడితే తీసిన ప్రతిసారీ వెచ్చని గాలి తగిలి మూత అడుగున ఆవిరి రెట్టింపవుతుంది. మధ్య అరలో ముందుకు జరిపి పెట్టిన చోటే నాకు మంచి ఫలితం వచ్చింది. పక్కన మాగిన ఆపిల్, అరటి, టమాటా ఉండకుండా చూసుకోవాలి. మాగే పండ్లు విడిచే ఎథిలీన్ వాయువు ఆకులోని పచ్చదనాన్ని తొందరగా హరించి పండాకు చేస్తుంది. మూతలో గాలి రంధ్రం ఉన్న డబ్బాకు ఈ వాయువు నుంచి రక్షణ ఏమీ ఉండదు.

ఎంత జాగ్రత్తపడ్డా మిగిలిపోయే ఆకుకు డబ్బా జవాబు చెప్పదు, దానికి డీప్ ఫ్రీజరే గతి. సన్నగా తరిగి మంచుగడ్డల ట్రే గళ్లలో నింపి, మునిగేటట్లు నీరో నూనో పోసి గడ్డకట్టించి, గడ్డలను కవరులోకి మార్చుకోవచ్చు. కరిగిన తర్వాత ఆకు మెత్తబడుతుంది కనుక అది వంటలో వేయడానికే తప్ప పైన చల్లుకోవడానికి పనికిరాదు. ఇక్కడ ఒక్క హెచ్చరిక: తాజా ఆకులను నూనెలో ముంచి సీసాకెత్తి వంటగట్టు మీద ఉంచే పద్ధతిని ఎవరు చెప్పినా పాటించవద్దు. గాలి సోకని నూనె అడుగున, గది వేడిమి దగ్గర, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగగలదు, రుచిలోనో వాసనలోనో అది బయటపడదు. అటువంటి నూనెను ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగు రోజులలో వాడేయాలి, లేదా గడ్డకట్టించాలి.

కొనవచ్చునా అని అడిగేవారికి నా సమాధానం వారి వాడకాన్ని బట్టి ఉంటుంది. కొత్తిమీర, పార్స్లీ, పుదీనా మూడూ వారమంతా ఇంట్లో ఉండేవారికి, ఫ్రిజ్ మధ్య అరలో జానెడు ఎత్తు ఖాళీ ఉన్నవారికి ఇది సుఖమైన వస్తువు. కళ్లెదుట నిలబడి ఉండడం వల్ల ఆకు ఉందన్న సంగతి మరచిపోము, నీరు మసకబారితే వెంటనే తెలుస్తుంది. నాకు పారేయడం తగ్గింది ఎక్కువగా ఇందువల్లనే అనుకుంటాను. వారానికి ఒక్క కట్ట తెచ్చుకునేవారికి గాజు గ్లాసూ ఒక కవరూ చాలు. తెచ్చిన కట్టను ఏరి ఆరబెట్టే ఓపిక లేనివారు మాత్రం ఈ డబ్బాను కొని మరో రకంగా నష్టపోవద్దు.

తయారీదారు మూతను గోపురంలా మలిచి బొట్లు గోడల వెంట జారేటట్లు చేస్తే, ఎత్తు మరో నాలుగు వేళ్లు పెంచితే, బిరడాకు బదులు మర మూత పెడితే నేను చెప్పిన ఫిర్యాదులలో చాలావరకు పోతాయి. అందాకా డబ్బా అడుగున ఒక చిన్న పళ్లెం పెట్టుకుని, కారిన నీటిని రెండు రోజులకు ఒకసారి తుడుచుకుంటూ దీనినే వాడుతున్నాను.